39 ఏళ్ళ తర్వాత గోపాల్‌పూర్

మొదటి రోజు

పలాసలో ప్యాసింజరు ఇంకా కదలకముందే మా బావకీ నాకూ తగువు మొదలైంది. 1986లో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఇదే లైనులో గోపాల్‌పూర్ వెళ్ళినప్పుడు పెట్టెలో కుడి పక్కన కూర్చున్నామా, ఎడం పక్కన కూర్చున్నామా అని.

"కుడి పక్కేరా. సముద్రం కనిపిస్తాదని చిన్నోడు కిటికీ కాడ కూకున్నాడు. నాకు బాగా గేపకం."

"ఈ లైనులో సముద్రం ఎక్కడా కనిపించదు బావా. ముప్పై రెండేళ్ళు రైల్వేలో చేశావు, ఆమాత్రం తెలీదా?"

"అప్పటికి నాను రైల్వేలో లేను కదేటి. కనిపిస్తాదనే అనుకున్నాను."

దీనికేం చెప్తాం. నాకు మాత్రం ఎడమవైపే గుర్తు. మందస రోడ్డు దాటాక మహేంద్రగిరి కనిపించింది, మంచులో సగం మునిగి. 1,501 మీటర్ల కొండ. దాన్ని చూపించి చిన్నోడు "అది ఎక్కడానికి ఎప్పుడెల్దుం" అన్నాడు. ఎక్కలేదు. మేం ముగ్గురం కలిసి ఎక్కడానికి ఆ తర్వాత వీలు పడలేదు.

చిన్నోడు అంటే వయసులో చిన్నవాడని కాదు, పొట్టివాడు. డిగ్రీలో ముగ్గురం ఒకే బెంచీ. బావ నాకు దూరపు వరస, ఊళ్ళో అందరూ అందరికీ ఏదో ఒక వరస అయినట్టే. బావ రైల్వేలో చేరి రిటైరయ్యాడు, నేను బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. చిన్నోడు ఉద్దానంలోనే ఉండిపోయి జీడితోట చూసుకున్నాడు. కిడ్నీలు పోయి 2011లో పోయాడు. మా ఉద్దానంలో ఈ మాట విని ఎవరూ "అయ్యో, ఎలా?" అని అడగరు. ప్రతి వీధిలో ఒకరిద్దరున్నారు. ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. పలాసలో ఇప్పుడు కిడ్నీ ఆసుపత్రి ఉంది. అప్పట్లో డయాలసిస్ అంటే విశాఖపట్నం వెళ్ళాలి. చివరి ఏడాది చాలాసార్లు వాణ్ని తీసుకెళ్ళింది బావే, తన రైల్వే డ్యూటీలు మార్పించుకుని మరీ.

ఈ ప్రయాణం ఆలోచన కూడా బావదే. సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు తింటూ ఉన్నట్టుండి "గోపాల్‌పూర్ ఎల్దుమేట్రా" అన్నాడు. మా ఆవిడ నవ్వింది. "ఇద్దరు ముసిలోళ్ళూ సముద్రంలో ఏం చేస్తారు? వెళ్తే వెళ్ళండి గానీ బరంపురం పట్టుచీర లేకుండా గుమ్మం ఎక్కద్దు." అంతే, అనుమతి వచ్చేసింది.

సోంపేట దాటాక ఎదురు లైనులో వందే భారత్ రెండు క్షణాల్లో దూసుకుపోయింది. ఇచ్ఛాపురం దగ్గర బాహుదా వంతెన. అక్కడితో మన రాష్ట్రం అయిపోయి బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా మారతాయి. మాట మాత్రం మారదు. బరంపురం స్టేషన్లో దిగి టిఫిను బండి దగ్గర నిలబడితే, అతను మా మొహాలు చూసి ఒడియాలో అడగనే లేదు. "ఇడ్లీయా, వడా?" అన్నాడు. వడ మీద బఠానీల ఘుగుని పోసిచ్చాడు. మన దగ్గర వడకి ఈ యోగం లేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రాష్ట్రపతి వి.వి. గిరి పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇవన్నీ నేను పిల్లలకి పాఠంగా చెప్పినవే. 1986లో మాత్రం బరంపురం నాకు బస్సు మారే చోటు, అంతే.

గోపాల్‌పూర్‌కి పదహారు కిలోమీటర్లు. దారిలో భంజ విహార్‌లో యూనివర్సిటీ, ఆ తర్వాత సైన్యం వాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ, సరుగుడు తోటలు, రోడ్డు పక్కన అక్కడక్కడా మొగలిపొదలు. గంజాం మొగలి అత్తరు పేరున్నది. దేశంలో కేవడా అత్తరుకి పువ్వు ఎక్కువగా వెళ్ళేది ఈ తీరం నుంచే. పూసే కాలం కాదు గనక మాకు పొదలే దక్కాయి. బస్సు చివరి మలుపు తిరగ్గానే ఇళ్ళ మధ్యలోంచి సముద్రం ఒక్కసారిగా లేచినట్టు కనిపించింది. ఇది మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే. ఇద్దరం ఒకేసారి "ఓ" అన్నాం. తగువు లేని మొదటి విషయం ఇదే.

దిగాక మళ్ళీ మామూలే. అప్పుడు మేం దిగిన లాడ్జి ఎక్కడ? బావ లైట్‌హౌస్ కిందే అంటాడు, నేను బజారు చివరంటాను. రెండు చోట్లా ఇప్పుడు కొత్త మేడలే. రూము అద్దె నలభై అని నేను, "అంత ఇచ్చే మొగోళ్ళమేటి మనం" అని బావ. ఈసారి దిగిన లాడ్జిలో వేడినీళ్ళు వస్తాయన్నారు. పొద్దున్నే కుర్రాడు బకెట్టుతో తెచ్చి ఇవ్వడాన్ని వేడినీళ్ళు రావడం అంటారని మర్నాడు తెలిసింది.

సాయంత్రం తీరం వెంబడి నడిచాం. గట్టు కట్టి, దీపాలు పెట్టి, కూర్చోడానికి బల్లలు వేశారు. గవ్వల దండలు, వేయించిన చేప, ఒంటె మీద సవారీ. అప్పట్లో ఇసుకా, తెప్పలూ, నాలుగైదు బంగళాలూ తప్ప ఏమీ లేదని నా లెక్క. పామ్ బీచ్ హోటల్ దగ్గర ఆగాం. 1914లో ఇటలీ దేశస్థుడొకాయన కట్టించాడు దాన్ని. తర్వాత ఒబెరాయ్ చేతికొచ్చింది, ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళది. మేం ఇరవయ్యేళ్ళప్పుడు దాని గేటు బయట నిలబడి, లోపల గొడుగుల కింద కూర్చున్న వాళ్ళని చూసి, పెద్ద ఉద్యోగాలొచ్చాక ఇక్కడే దిగుతామని ముగ్గురం ఒట్టేసుకున్నాం. ఇప్పుడు జేబులో పెన్షన్ డబ్బులున్నాయి. లోపలికి వెళ్ళి కాఫీ తాగుదామా అన్నాను.

"ముగ్గురం కదా అనుకున్నాం" అన్నాడు బావ. వెనక్కి వచ్చేశాం.

ఒకటి గమనించాను. గంటన్నర నడిచాం, నేను రెండుసార్లు ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాను. బావ చెప్పులు విప్పలేదు.

రెండో రోజు

చీకటితో లేచి ఒడ్డుకు వెళ్ళాం. పడవలు వచ్చే వేళ. ఇప్పుడు తెప్పలు దాదాపు లేవు. ఫైబర్ బోట్లు, వెనక మోటారు. అలల మీదికి ఎక్కి, అల విరిగే లోపు మోటారు పైకెత్తి, ఇసుక మీదికి ఒక్క తోపు. పది మంది పట్టుకుని లాగుతుంటే "ఐలేసా" వినిపించింది. చుట్టుపక్కల అంతా ఒడియా, ఆ గుంపులో మాత్రం అచ్చంగా మన తెలుగు. అందులోనూ మా బారువ, కళింగపట్నం తెలుగు.

వీళ్ళని ఇక్కడ నూలియాలు అంటారు. మన వాడబలిజలు, జాలార్లే. తరాల కిందట తీరం పట్టుకుని ఉత్తరానికి వచ్చినవాళ్ళు. పూరీ దాకా ఉన్నారు. 1986లో కూడా తెలుగులోనే మాట్లాడారు మాతో, మేం అదేం వింత అనుకోలేదు. ఇరవయ్యేళ్ళవాడికి లోకంలో అందరూ తన భాషే మాట్లాడాలి, అది మామూలే.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాం. నాకంటే పదేళ్ళు పెద్దవాడై ఉంటాడు. "ఏ ఊరు బాబూ" అన్నాడు. పలాస దగ్గరంటే వాళ్ళ మేనమామ వాళ్ళది బారువ అన్నాడు. పిల్లలు తెలుగు చదువుతారా అని అడిగాను. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది!

"సదువు ఒడియాలో బాబూ. తిట్టుకోడం, ఏడవడం, గంగమ్మకి మొక్కడం తెలుగులో."

ఈ వాక్యం నేను నోట్‌బుక్కులో రాసుకుంటుంటే ఆయన విచిత్రంగా చూశాడు.

చేపలు తక్కువైపోయాయట. వంజరం, చందువా దొరికిన రోజు పండగ, లేకపోతే కవళ్ళు, నెత్తళ్ళు. దూరం నుంచి వచ్చే మరబోట్లు అంతా ఊడ్చుకుపోతున్నాయని చెయ్యి సముద్రం వైపు విసిరాడు. తుపాను సంగతి అడిగాం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను తీరం దాటింది ఇక్కడే, గోపాల్‌పూర్ పక్కన. ముందురోజే అందర్నీ బలవంతంగా ఖాళీ చేయించారు.

"నాను ఎల్లనన్నాను. బోటు ఒగ్గీసి ఎలాగెల్తాను? పోలీసోడు రెక్కట్టుకుని లారీలో పడీసినాడు. ఆడే బతికించినాడు. తిరిగొచ్చి సూస్తే ఇంటిమీద కప్పు నేదు. బోటు ఎక్కడుందో తెల్సా? ఆ బంగళా పెరట్లో."

ఆ తుపానుకి ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని తరలించారు. 1999 తుపానులో పదివేల మంది పోయిన రాష్ట్రంలో, అంత గాలికీ చావులు పదుల్లోనే ఆగాయంటే అదీ కారణం. బావ తిత్లీ గురించి చెప్పాడు. 2018 అక్టోబరులో అది మా మీదికి వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి, యాభై ఏళ్ళ జీడిమామిళ్ళు వేళ్ళతో లేచిపోయాయి. చిన్నోడి తోట కూడా. అది వాడు చూడలేదు, అదో మేలు.

పెద్దాయన, బావ తుపాన్లు పోల్చుకుంటూ అరగంట కూర్చున్నారు, పెళ్ళిసంబంధాలు మాట్లాడుకుంటున్నట్టు.

తర్వాత పాత రేవు దగ్గరికి నడిచాం. మొండి గోడలు, ఇసుకలోంచి లేచిన స్తంభాలు. వాటి మీద కాకులు. నేను ఇక్కడికి రావడానికి బావకి చెప్పని కారణం ఇదే.

మా అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాత, రంగం వెళ్ళినవాడు. మా వైపు రంగూన్‌ని రంగం అనే అంటారు. ఒకప్పుడు ఊరికి పదిమంది రంగం వెళ్ళేవాళ్ళు. రేవులో బస్తాలు మొయ్యడానికి, ధాన్యం మిల్లుల్లో పనికి. అక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. మా తాత గోపాల్‌పూర్‌లోనే ఓడెక్కాడు. ఓడ ఒడ్డుకు రాదు, లోతులో ఆగుతుంది. అలలు దాటించి పడవలో తీసుకెళ్ళి తాళ్ళ నిచ్చెన ఎక్కించేవారట. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగం మీద బాంబులు వేశాక, అక్కణ్ణుంచి కాలినడకన అరకాన్ కొండలు దాటి చిట్టగాంగు చేరినవాళ్ళలో ఆయన ఒకడు. బర్మా దారి మూసుకుపోవడంతో ఈ రేవు కూడా పడిపోయింది. మళ్ళీ లేవలేదు. ఇప్పుడు ఓడలు వస్తున్నవి ఉత్తరాన ఆర్జిపల్లి దగ్గర కట్టిన కొత్త పోర్టుకి.

ఇదంతా నాకు తర్వాత అమ్మ చెప్పగా, పుస్తకాలు చదవగా తెలిసింది. తాత చెప్పింది కాదు. 1986లో గోపాల్‌పూర్ నుంచి వెళ్ళి, ఆయన మంచం దగ్గర కూర్చుని గొప్పగా "గోపాల్‌పూర్ చూసొచ్చాను తాతా" అన్నాను. ఆయన ఒక్కటే అడిగాడు:

"ఓడలొస్తన్నాయేట్రా?"

నేను నవ్వాను. ఓడలెక్కడివి తాతా, పాడుబడ్డ స్తంభాలున్నాయి, కాకులు వాలుతున్నాయి అన్నాను. ఆయన తలూపి ఎర్ర లక్క డబ్బా తీసి తమలపాకు వేసుకున్నాడు. ఆ డబ్బా రంగం నుంచి ఆయన మోసుకొచ్చిన ఒకే ఒక్క వస్తువు. రెండేళ్ళకి పోయాడు. ఎన్ని రోజులు నడిచావు, ఏం తిన్నావు, నీతో బయల్దేరినవాళ్ళు ఎంతమంది, చేరినవాళ్ళు ఎంతమంది, ఒక్క ముక్క అడగలేదు నేను. అప్పుడు నాకు ఆ వారం చూడాల్సిన సినిమా మీద ఉన్న శ్రద్ధ వేరు.

స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. పైకప్పులు లేని గోడల లోపల ఎవరో చెత్త కాల్చారు. బావ ఏమీ అడగలేదు. కాసేపు పోయాక "ఆకలేస్తంది" అన్నాడు.

మధ్యాహ్నం చేపల పులుసు, అన్నం. ఆవపిండి వేసి చేశారు, మన చింతపండు పులుపు లేదు. బావ సగం తిని పెరుగు అడిగాడు. నాకు నచ్చింది.

మూడో రోజు

ఆటో మాట్లాడుకుని రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం. ఛత్రపూర్, గంజాం ఊరు దాటి వెళ్ళాలి. 1986లో అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళాలని ఎవరికీ తెలీదు కూడా. అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో ఒకేసారి గుడ్లు పెడతాయన్న సంగతి శాస్త్రవేత్తలు గుర్తించిందే 1994లో. 2023లో ఆరు లక్షలకు పైగా ఎక్కాయి ఆ కొద్దిపాటి ఇసుక మీదికి. ఒక్కో తాబేలు వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో అదిమి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. నలభై అయిదు, యాభై రోజులకి పిల్లలు.

మేం వెళ్ళింది జనవరి చివర, ఇంకా వేళ కాలేదు. మాకు కనిపించినవి రెండు చచ్చిన తాబేళ్ళు. మరబోట్ల వలల్లో చిక్కుకుని, పైకొచ్చి గాలి పీల్చుకోలేక చస్తాయి. అందుకే నవంబరు నుంచి మే నెలాఖరు దాకా ఈ నది మొగ దగ్గర వేట నిషేధం. నిషేధం కాగితం మీద గట్టిదే. ఒక తాబేలు కన్ను కాకి తినేసింది.

"దీని పిల్లలు మళ్ళీ ఇక్కడికే వస్తాయంటావా?" అన్నాడు బావ. ఆడవి పెరిగి పెద్దయ్యాక పుట్టిన తీరం వెతుక్కుంటూ వస్తాయంటారు అన్నాను. "మనకంటే నయం. మనం లాడ్జే కనుక్కోలేకపోయాం."

పక్కనే పొడంపేట. పేరులోనే పేట ఉంది, తెలుగు జాలర్ల ఊరు. సముద్రం కోసుకుంటూ వచ్చి ఊరిని మింగేసింది. సగం గోడలు, ఒక గుమ్మం, దాని అవతల నీళ్ళు. జనం లోపలికి కొత్త కాలనీకి వెళ్ళిపోయారు. ఆ గుమ్మానికి పసుపు ఇంకా కనిపిస్తోంది. దీని గురించి ఎక్కువ రాయలేను, చూసి పది నిమిషాల్లో ఆటో ఎక్కేశాం.

తిరిగొచ్చి పడుకున్నాం. లేచేసరికి నాలుగు. ఆ సాయంత్రం జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. దానికి ముందు 1986 సంగతి.

అప్పుడు చిన్నోడు వాళ్ళ మామయ్య కెమెరా అడిగి తెచ్చాడు. ఆగ్ఫా క్లిక్ త్రీ. పన్నెండు ఫొటోలు వచ్చే రీలు. పాడైతే మామయ్య చంపేస్తాడని మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. పన్నెండూ వాడే తీశాడు. కాబట్టి వాడు ఏ ఫొటోలోనూ లేడు. కడిగిస్తే ఎనిమిది పనికిరాకుండా పోయాయి, మిగిలిన నాలుగులో మూడు చెద తినేసింది. ఒక్కటి నా దగ్గరుంది. నేనూ బావా స్తంభాన్ని ఆనుకుని, ఇద్దరం పగలబడి నవ్వుతూ. వెనక పెన్సిలుతో చిన్నోడి రాత, గోపాల్‌పూర్ అని. కింద ఇసుకలో తీసినవాడి నీడ అడ్డంగా పడి ఫొటో కాస్త పాడైంది. మా ఆవిడ ఎప్పుడూ అనేది, ఆ కింద ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించమని.

మేం ఆనాడు పొద్దున పదింటికి దిగాం, రాత్రి ఉన్నాం, మర్నాడు తెల్లారకుండానే మొదటి బస్సుకి వెళ్ళిపోయాం. ఇందులో ఇద్దరికీ తగువు లేదు. మధ్యాహ్నం స్నానానికి దిగాం. గోపాల్‌పూర్ ఒడ్డు నిటారుగా దిగుతుంది. అల కొట్టేటప్పుడు కాదు, వెనక్కి లాగేటప్పుడు ప్రమాదం. చిన్నోడికి ఈత అంతంతమాత్రం. బావ "ఆడదానిలాగ ఒడ్డున కూకుంటావేట్రా" అని రెచ్చగొట్టాడు. వాడు దిగాడు. రెండో అలకి మనిషి లేడు. ఒక నూలియా, ఎటు నుంచి పరిగెత్తాడో, దూకి జుట్టు పట్టుకుని లాక్కొచ్చి బోర్లా పడుకోబెట్టి వీపు మీద గుద్దాడు. నీళ్ళు కక్కి వాడు కళ్ళు తెరిచాడు. మేం ఆ మనిషికి అయిదు రూపాయలిచ్చాం. పేరు అడగలేదు.

ఇది ఇద్దరికీ తెలిసిందే. మూడో రోజు సాయంత్రం, ఆ స్తంభాల దగ్గర ఇసుకలో కూర్చుని, బావ తనకి తెలిసిన మిగతా సగం చెప్పాడు.

"ఆ తర్వాత ఆడు నాతో మాటాడలేదురా. రూములో గోడ కేసి తిరిగి పడుకున్నాడు. పలాస దాకా మాటాడలేదు. నానే సంపీసేవాణ్ని ఆణ్ని. విశాపట్నం తీసుకెళ్ళినప్పుడల్లా అడుగుదుం అనుకునేవోణ్ని, నా మీద కోపం ఉండిపోయిందేట్రా అని. ఆ మంచం మీద ఆ గొట్టాలు సూసి నోరు రాలేదు."

ముప్పై తొమ్మిదేళ్ళు దాచుకున్నాడు. చెప్పులు ఎందుకు విప్పలేదో అర్థమైంది.

"మరి ఈ ఫొటో? ఎంత నవ్వుతున్నామో చూడు."

"అది పొద్దున తీసింది. దిగ్గానే. మునగకముందు."

నేనూ ఇన్నాళ్ళూ పొద్దుటిదే అనుకున్నాను, నిజం చెప్పాలంటే. ఫొటో తీసి చేతిలో పట్టుకుని, అందులో ఉన్న స్తంభం ఏదో వెతకడం మొదలుపెట్టాను, మాట మార్చడానికి. ఒక స్తంభం పై భాగం విరిగిన తీరు సరిపోయింది. లేచి అక్కడికి వెళ్ళాను. ఫొటోలో సముద్రం మాకు ఎడమచేతి వైపు ఉంది. అంటే చిన్నోడు ఇక్కడ నిలబడి ఉండాలి. నేను అక్కడ నిలబడ్డాను. ఎండ వీపు మీద పడింది. నా నీడ పొడుగ్గా సాగి స్తంభం దాకా పోయింది.

ఫొటో చూశాను. నీడ చూశాను.

"బావా, ఇలా రా. ఇక్కడ నిలబడు."

"ఎందుకు?"

"నిలబడమంటే."

నిలబడ్డాడు. ఫొటో చేతికిచ్చాను. పొద్దుటి పూట సూర్యుడు సముద్రం మీద ఉంటాడు, తీసేవాడి నీడ ఊరి వైపు పడాలి. వాడి నీడ మా కాళ్ళ దాకా వచ్చిందంటే సూర్యుడు వాడి వెనక ఉన్నాడు. ఊరి వైపు దిగిపోతున్నాడు. మేం గోపాల్‌పూర్‌లో ఉన్నది ఒక్కటే సాయంత్రం. ఇంత చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. రైల్వే మనిషికి పొద్దు ఎటు తిరుగుతుందో తెలుసు.

చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి, ఫొటో ముక్కు దగ్గరికి తెచ్చుకుని, నీడని వేలితో తడిమాడు. భుజం దగ్గర ఒక మోచెయ్యి బయటికి పొడుచుకొచ్చింది, కెమెరా పట్టుకున్న చెయ్యి.

"అయితే లేచొచ్చాడన్నమాట" అన్నాడు.

"లేచొచ్చాడు. మనల్ని నవ్వించాడు కూడా."

"ఏటన్నాడో?"

ఇద్దరికీ గుర్తు లేదు. ఎంత ఆలోచించినా రాలేదు.

ఝాల్‌ముడి అమ్ముకునే కుర్రాడు పక్కనుంచి పోతుంటే పిలిచి, నా ఫోను ఇచ్చి ఒక ఫొటో తియ్యమన్నాం. అదే స్తంభం, అదే వైపు. బావ చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. కుర్రాడు ఫోను అటూ ఇటూ తిప్పి పక్కకి జరగబోయాడు.

"నా నీడ పడతంది అంకుల్, ఇలాగొచ్చి తీస్తాను."

"పడనీయ్ బాబూ, అక్కణ్ణించే తియ్యి" అన్నాడు బావ.

నాలుగో రోజు

పొద్దున్న బరంపురంలో చీర కొన్నాం. నేసేది దేవాంగులు. ఎన్నో తరాల కిందట మన వైపు నుంచి తీసుకొచ్చి ఇక్కడ స్థిరపరిచిన వాళ్ళు. అంచు మీద కుంభం, అంటే గుడి గోపురాల్లాంటి కోసు కోసుల నేత. దాన్ని బట్టే బరంపురం పట్టుని గుర్తుపడతారు. దుకాణం ఆయన రంగులు చూపిస్తుంటే, పదిహేను చీరలు విప్పించాక, మా ఆవిడకి వీడియో కాల్ చేశాను. ఆమె మొదట చూసిన చీరే తీసుకోమంది. అప్పడాలు, ఊరగాయ బావ కొన్నాడు.

మధ్యాహ్నం బండిలో ఎడమవైపు కూర్చున్నాం. తిరుగు ప్రయాణంలో అటు సముద్రం వైపు. అది నాకు ఇచ్ఛాపురం దాటాక గానీ తట్టలేదు. వెళ్ళేటప్పుడు బావ చెప్పిన కిటికీ, వచ్చేటప్పటిదేమో. చెప్తే గెలిచానంటాడని ఊరుకున్నాను. అతను ఎలాగూ నిద్రపోతున్నాడు, అప్పడాల సంచి ఒళ్ళో పెట్టుకుని.

రాత్రి తొమ్మిదింటికి ఫోను.

"ఒరే, నిద్రోయావా? రూము అద్దె ముప్పై అయిదేరా. నాను పదిహేను, నువ్వు పది, ఆడు పది ఇచ్చాడు. ఇప్పుడే గేపకం వొచ్చింది."

"నలభై బావా" అన్నాను.